నలుగురు తిరిగొచ్చారు, వాళ్ల సంగతేమిటి?

ఈసారి కాస్త పెద్దగానే రాస్తున్నాం. పని అయ్యాక తీరిగ్గా చదవండి.

మన సోలాపూర్ పూర్వ భాగ్‌లో, మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మన అమ్మాయి ఒకామె నర్సుగా పనిచేస్తోంది. యుద్ధంతో నలిగిపోతున్న ఒక పరాయి దేశానికి స్వచ్ఛంద సేవకు వెళ్లి ఈమధ్యనే ఇంటికి తిరిగొచ్చింది. తన పేరు, ఆ దేశం పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు. ఆరు నెలలకని వెళ్లిన పిల్ల, జ్వరం పట్టుకుని వదలకపోవడంతో నాలుగో నెలలోనే రావాల్సి వచ్చింది.

చూసి వద్దామని మనవాళ్లం పదిమందిమి వాళ్లింటికి వెళ్లాం. ఎవరో "ఎంత ఇచ్చారమ్మా?" అని అడిగారు. ఏమీ ఇవ్వలేదని నవ్వింది. తర్వాత "మరి మధ్యలోనే ఎందుకొచ్చేశావు?" అన్న ప్రశ్న వచ్చింది. దానికి మాత్రం జవాబు చెప్పలేదు. చాయ్ తెస్తానని లోపలికి వెళ్లి, చాలాసేపటిదాకా రాలేదు. మూలన కూర్చున్న వాళ్ల నాయనమ్మ, "బిడ్డ ఇంటికొచ్చింది. గది సాలదా?" అంది.

ఆ రెండో ప్రశ్న అడిగినవాళ్లలో మేమూ ఉన్నాం. అందుకే ఇది రాస్తున్నాం.

ఎందుకంటే, దూరదేశపు యుద్ధంలో సేవకు వెళ్లడం అంటే మన ఊరికి కొత్త సంగతి కాదు. భైయ్యా చౌక్‌లో డాక్టర్ కోట్నిస్ స్మారకం మనందరికీ తెలుసు. ఆయన తెలుగువాడు కాదు, మరాఠీ ఇంటి బిడ్డ. కానీ సోలాపూర్‌వాడు కాబట్టి మనవాడే అనుకుంటాం. మన పిల్లలకు ఆయన కథ చెబుతాం. కానీ ఆ కథలో వెళ్లినవాళ్లు ఐదుగురు. మిగతా నలుగురి పేర్లు చెప్పమంటే ఆ రోజు మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. తిరిగి రానివాణ్ని గుర్తుపెట్టుకున్నాం. తిరిగొచ్చినవాళ్లను మరిచిపోయాం. ఆ అమ్మాయిని అడిగిన ప్రశ్నకూ, ఈ మరుపుకూ సంబంధం ఉందని మాకు అనిపించింది.

అసలు జరిగింది ఇదీ.

1937 జులైలో జపాన్ చైనా మీద పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టింది. చైనా సైన్యాలకు మందుల్లేవు, డాక్టర్లు లేరు. ఎయిత్ రూట్ ఆర్మీ సేనాని జూ దే సహాయం కోరుతూ జవహర్‌లాల్ నెహ్రూకు ఉత్తరం రాశారు. అప్పటికి మనదే బానిస దేశం. అయినా 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న సుభాష్ చంద్రబోస్ ప్రజలకు పిలుపునిచ్చారు. చందాలు వసూలయ్యాయి. ఐదుగురు డాక్టర్లు సిద్ధమయ్యారు.

అలహాబాద్ నుంచి మదన్ మోహన్‌లాల్ అటల్, జట్టుకు నాయకుడు. నాగపూర్ నుంచి మోరేశ్వర్ రామచంద్ర చోల్కర్, అందరిలోకీ వయసులో పెద్దవాడు. కలకత్తా నుంచి ఇద్దరు, బిజయ్ కుమార్ బసు, దేబేశ్ ముఖర్జీ. ఐదోవాడు మన ద్వారకానాథ్ శాంతారామ్ కోట్నిస్. పుట్టింది 1910 అక్టోబర్ 10న, సోలాపూర్‌లో. బొంబాయిలో సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో చదివాడు.

ఆ కుర్రవాడు పెరిగిన సోలాపూర్ ఎలాంటిదో కూడా గుర్తుచేసుకోవాలి. 1930 మేలో ఈ ఊళ్లో తెల్లవాళ్ల మార్షల్ లా నడిచింది. అప్పటికి అతనికి 19 ఏళ్లు. మరుసటి ఏడు, 1931 జనవరి 12న, మన ఊరివాళ్లు నలుగురిని, మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా, కుర్బాన్ హుసేన్‌లను, పుణెలోని ఎరవాడ జైల్లో ఉరితీశారు. అలాంటి ఊరి బిడ్డకు పరాయివాడి దౌర్జన్యం అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

1938 సెప్టెంబర్ 1న ఐదుగురూ బొంబాయి రేవులో ఓడ ఎక్కారు. ఏడాదిపాటు పనిచేసి వద్దామన్నది అప్పటి ఆలోచన. ఆ నెల 17న కాంటన్‌లో దిగితే సున్ యట్ సెన్ గారి భార్య సూంగ్ చింగ్ లింగ్ ఎదురొచ్చి స్వాగతం చెప్పారు. అక్కణ్నుంచి హాంకౌ, ఇచాంగ్, చోంగ్‌చింగ్. వాళ్లు ముందుకు పోతుంటే వెనక నగరాలు ఒక్కొక్కటే పడిపోయాయి. అక్టోబర్ ముగిసేసరికి కాంటన్, హాంకౌ రెండూ జపాన్ చేతిలో ఉన్నాయి.

చోంగ్‌చింగ్‌లో వాళ్లకు చైనా పేర్లు పెట్టారు. అందరి పేర్ల చివరా 'హువా' అనే మాట చేర్చారు. హువా అంటే చైనా. కోట్నిస్ 'కే దిహువా' అయ్యాడు. చైనాలో ఈరోజుకీ ఆయన ఆ పేరుతోనే తెలుసు.

అక్కడే కోట్నిస్‌కు ఇంటి నుంచి కబురొచ్చింది. తండ్రి పోయారని. వెళ్లిపో, ఇంటికి నీ అవసరం ఉందని తోటివాళ్లు చెప్పారు. వెళ్తే తప్పు పట్టేవాళ్లు ఎవరూ లేరు. ఆయన వెళ్లలేదు. 1939 ఫిబ్రవరి 12న ఐదుగురూ యెనాన్ చేరి, అక్కడి సైనిక ఆసుపత్రిలో పనిలో దిగారు.

ఇక తిరుగు ప్రయాణాల సంగతి. మేము ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే.

ముందుగా 1939లోనే చోల్కర్, ముఖర్జీ వెనక్కి వచ్చారు. ముఖర్జీకి మూత్రపిండాల జబ్బు. చోల్కర్ గారిది పెద్ద వయసు. యెనాన్ అంటే కొండ తొలిచి చేసిన గుహల్లో నివాసం, ఎముకలు కొరికే చలి, కొర్రన్నం తిండి. ఆ వయసులో అంత దూరం వెళ్లడమే గొప్ప. ఏడాది అనుకున్న పనిలో వాళ్లు చేయగలిగింది చేసి వచ్చారు.

మూడోవారు అటల్. 1939 చివర్లో ఆయన, బసు, కోట్నిస్ ముగ్గురూ యుద్ధరంగం వైపు కదిలారు. దారిలో చర్మవ్యాధి ముదిరి 1940లో అటల్ వెనుదిరగాల్సి వచ్చింది. ఈయన గురించి ఒక్క మాట చెప్పాలి. చైనాకు రాకముందే ఈయన స్పెయిన్ అంతర్యుద్ధంలో గాయపడ్డవాళ్లకు వైద్యం చేసి వచ్చినవాడు. అంటే ఒక యుద్ధం నుంచి ఇంటికొచ్చి, మళ్లీ ఇంకో యుద్ధానికి బయల్దేరాడు. తిరిగొచ్చిన మనిషి పని అయిపోయిందని మనం ఎలా అనుకుంటాం?

బసు, కోట్నిస్ ఇద్దరూ ఉత్తర చైనాలో శత్రువు వెనుక ఉన్న ప్రాంతాల దాకా వెళ్లారు. తర్వాత బసు యెనాన్‌కు వచ్చి అక్కడి ఆసుపత్రిలో పనిచేశారు. కోట్నిస్ మాత్రం హెబెయ్ కొండల్లోనే ఉండిపోయారు. కెనడా డాక్టర్ నార్మన్ బెథ్యూన్ 1939 నవంబర్ 12న, ఆపరేషన్ చేస్తుండగా వేలికి తగిలిన గాయం విషమించి చనిపోయారు. ఆయన పేరు మీద నడిచిన బెథ్యూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి 1941 జనవరిలో కోట్నిస్ డైరెక్టర్ అయ్యారు. చైనా భాషలో పాఠాలు చెప్పారు, శస్త్రచికిత్స మీద పాఠ్యపుస్తకం రాశారు. అదే ఏడు నర్సు గువో చింగ్‌లాన్‌ను పెళ్లి చేసుకున్నారు. 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు. పేరు యిన్‌హువా. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. బాబుకు నాలుగు నెలలైనా నిండకముందే, 1942 డిసెంబర్ 9న, మూర్ఛవ్యాధితో కోట్నిస్ కన్నుమూశారు. వయసు 32.

నాలుగోవారు బసు. 1943లో ఇంటికొచ్చారు. ఆ రాక ఎలాంటిదో ఒకసారి ఊహించండి. ఐదేళ్లు కావస్తోంది. తమను సాగనంపిన బోస్ దేశం విడిచి వెళ్లి, జపాన్ సాయంతో తెల్లవాళ్ల మీద సైన్యం నడుపుతున్నారు. ఏ జపాన్ బాంబులకు గాయపడ్డవాళ్లకు బసు కట్లు కట్టారో అదే జపాన్. దేశ స్వాతంత్ర్యం కోసం బోస్ ఎంచుకున్న దారి అది, తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఉత్తరం అందుకున్న నెహ్రూ మన మహారాష్ట్రలోనే, అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉన్నారు. సొంత బెంగాల్ ఆ ఏడు కరువుతో కుప్పకూలుతోంది. వెళ్లొచ్చామని చెప్పుకోవడానికి పంపినవాళ్లే లేరు. తోడుగా వెళ్లిన స్నేహితుడు లేడు.

అయినా బసు చెప్పారు. రచయిత ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ఆయన దగ్గర ఆ ఐదేళ్ల సంగతులు విని పుస్తకం రాశారు. 1944లో ఇంగ్లీషులో వచ్చింది. 'ఒకరు తిరిగి రాలేదు' అనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. ఆ కథనే 1946లో వి. శాంతారామ్ 'డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ'గా తీశారు. మన తాతలు, అమ్మమ్మలు టాకీసులో కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న సినిమా అదే.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. చైనాలో పోయిన కోట్నిస్ అమరుడుగా మనదాకా ఎలా చేరాడు? ప్రాణాలతో తిరిగొచ్చినవాడు చెబితే చేరాడు. బసు కూడా అక్కడే ఉండిపోయి ఉంటే భైయ్యా చౌక్‌లో ఆ స్మారకం ఉండేదో లేదో. తిరిగి రావడం కూడా సేవలో ఒక భాగమే. ఒక్కోసారి అదే కష్టమైన భాగం.

బసు అక్కడితో ఆగలేదు. 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి, అక్కడి సూది వైద్యం, అంటే ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. మన దేశంలో ఆ వైద్యానికి ఆద్యుడిగా ఆయన్నే చెబుతారు. 1962లో రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చి, చైనాతో స్నేహం అన్న మాట పైకి అనడమే కష్టమైన రోజులు చూశారు. కోట్నిస్ స్మారక కమిటీ పనిని మాత్రం వదల్లేదు. 1986లో చనిపోయారు.

సినిమా చివర కోట్నిస్ భార్య బిడ్డను ఎత్తుకుని మన ఊరి ఇంటికి వస్తుంది. నిజంలో అలా జరగలేదు. గువో చింగ్‌లాన్ చైనాలోనే ఉన్నారు, తర్వాతి సంవత్సరాల్లో వచ్చి అత్తింటివాళ్లను కలిసి వెళ్లారు. యిన్‌హువా వైద్యవిద్య చదువుతూ పాతికేళ్లు నిండకుండానే, 1967లో చనిపోయాడు. ఆవిడ 2012లో పోయారు. చైనా 1982లో, మన దేశం 1993లో కోట్నిస్ బొమ్మతో తపాలా బిళ్లలు వేశాయి. చైనా పెద్దలు మన దేశం వస్తే కోట్నిస్ కుటుంబాన్ని కలవడం ఆనవాయితీ అయింది. గౌరవాలన్నీ దక్కాయి. ఇంటి గడప మాత్రం ఆయన మళ్లీ తొక్కలేదు.

మనకు ఈ కథ ఇంకో రకంగానూ దగ్గరిది. మన ముత్తాతలు నిజాం రాజ్యం నుంచి, కరీంనగర్, నల్గొండ, వరంగల్, పాలమూరు వైపు నుంచి బతుకుదెరువుకు మగ్గం నమ్ముకుని ఈ ఊరొచ్చారు. నాలుగు డబ్బులు చేతికొస్తే తిరిగి వెళ్దామనే చాలామంది వచ్చి ఉంటారు. వెళ్లలేదు. ఇక్కడే చాదర్లు నేశారు, మార్కండేయుడికి గుడి కట్టుకున్నారు, నారళీ పున్నమికి రథం లాగారు. వెళ్లినవాడి మీద రెండు వైపుల నుంచీ మాటలు పడతాయని మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఉండిపోతే ఊరు మరిచాడంటారు. తిరిగొస్తే అక్కడ నెగ్గలేకపోయాడంటారు. ఇన్ని తరాలుగా ఆ మాటలు పడ్డవాళ్లం, మన అమ్మాయిని అదే మాట ఎలా అడిగామో తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

కోట్నిస్ త్యాగాన్ని తగ్గించడానికి ఇది రాయలేదు. ఆయన ఉండిపోయాడు, అది ఆయన గొప్పతనం. కానీ దాన్ని కొలబద్దగా పెట్టి, ప్రాణాలతో ఇల్లు చేరిన ప్రతివాణ్నీ కొలవకూడదు. జబ్బు చేసి వచ్చిన ముఖర్జీ ఓడినవాడు కాదు. యెనాన్ గుహల్లో గాయాలు కడిగిన చోల్కర్ చేతులు తక్కువ చేతులు కావు.

కాబట్టి సంఘానికి మాదో విన్నపం. ఈ డిసెంబర్ 9న కోట్నిస్ పటానికి దండ వేసేటప్పుడు ఐదు పేర్లూ చదువుదాం. అటల్, చోల్కర్, బసు, ముఖర్జీ, కోట్నిస్. పిల్లల చేత చదివిద్దాం.

మన అమ్మాయికి శాలువా కప్పి సన్మానం చేద్దామని కొందరన్నారు. మేము అడిగి చూశాం, ఇప్పుడొద్దంది. బలవంతం చేయొద్దు. వెళ్లినవాళ్లు ఆరోగ్యం అడగండి, తిన్నావా అని అడగండి. అక్కడి సంగతులు ఎప్పుడు చెప్పాలో, చెప్పాలో వద్దో తననే తేల్చుకోనివ్వండి. బసు చెప్పడానికి కూర్చున్నప్పుడు వినడానికి ఒక మనిషి దొరికాడు. ఈ పిల్ల చెప్పే రోజు వస్తే మనం కూడా వినడానికి ఉందాం.

నిన్న సాయంత్రం మేము మళ్లీ వాళ్లింటికి వెళ్లాం. ఆ రోజు అలా అడిగినందుకు తప్పైపోయిందని చెప్పాం. "పోనీలే కాకా, చాయ్ తాగుతారా?" అంది. ఈసారి వెంటనే తెచ్చి, మాతోపాటే కూర్చుంది.