అలన్ పేజ్

అలన్ పేజ్ (జననం: 1945 ఆగస్టు 7) అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన డిఫెన్సివ్ ట్యాకిల్, తర్వాతి కాలంలో మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి. ఒహైయో రాష్ట్రంలోని కాంటన్‌లో పుట్టారు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నది ఆ ఊళ్లోనే. కుర్రవాడిగా ఆ భవన నిర్మాణంలో కూలిపని చేసిన పేజ్‌కు 1988లో అందులోనే స్థానం దక్కింది.

నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం 1966లో జాతీయ చాంపియన్‌గా నిలిచినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నారు. మరుసటి ఏడాది ప్రొఫెషనల్ లీగ్ డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) తొలి రౌండులో మిన్నెసోటా వైకింగ్స్ జట్టు ఆయన్ను తీసుకుంది. కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గ్యారీ లార్సెన్‌లతో కలిసి ఆయన నిలిచిన రక్షణ వరుసను, వాళ్ల ఊదారంగు దుస్తులను బట్టి ‘పర్పుల్ పీపుల్ ఈటర్స్’ అన్నారు. ఎదుటి వరుసను ఛేదించి, బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం (దాన్నే ‘సాక్’ అంటారు) డిఫెన్సివ్ ట్యాకిల్ ముఖ్యమైన పని. దానికి భారీకాయం కావాలని అందరూ నమ్మే రోజుల్లో పేజ్ వేగాన్నే నమ్ముకున్నారు. బంతి కదిలిన క్షణానే ఆయనా కదిలేవారు. 1971లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. ఒక రక్షణ ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆ తర్వాత 1986లో లారెన్స్ టేలర్‌కు మాత్రమే దక్కింది. అయితే వైకింగ్స్‌తో ఆడిన నాలుగు సూపర్ బౌల్‌లలోనూ ఓటమే ఎదురైంది. సాక్‌లను లీగ్ అధికారికంగా లెక్కించడం 1982లో మొదలైంది, ఆయన అంతకుముందే ఆట మానేశారు. అందుకే ఆయన ఎన్ని సాక్‌లు చేశారన్నది ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది.

ఆడుతూనే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లా చదివి 1978లో పట్టా పొందారు. దూరపు పరుగు అలవాటై బరువు తగ్గారు. ఆ ఒళ్లు తన స్థానానికి చాలదన్న వైకింగ్స్ కోచ్ బడ్ గ్రాంట్ అదే ఏడాది సీజన్ మధ్యలోనే ఆయన్ను వదులుకున్నారు. చికాగో బేర్స్ 100 డాలర్ల రుసుము కట్టి ఆయన్ను తీసుకుంది. గ్రాంట్ తొందరపడ్డారనే అనుకోవాలి: పేజ్ 1981 దాకా అక్కడ ఆడారు, మొత్తం 15 సీజన్లలో వరుసగా 218 మ్యాచ్‌లలో బరిలో దిగారు. 1979లో మారథాన్ కూడా పూర్తిచేశారు.

1992లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి పోటీచేయాలనుకుంటే, అప్పటి న్యాయమూర్తి పదవీకాలాన్ని గవర్నర్ పొడిగించడంతో ఎన్నికే లేకుండా పోయింది. పేజ్ దావా వేసి గెలిచారు, ఎన్నికలోనూ గెలిచారు. ఆ కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి ఆయనే. 2015లో 70 ఏళ్ల వయోపరిమితి రావడంతో దిగిపోయారు. 2018లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. భార్య డయాన్‌తో కలిసి 1988లో స్థాపించిన పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ శ్వేతజాతీయేతర విద్యార్థులకు ఉపకారవేతనాలిస్తుంది. తీసుకున్నవాళ్లు తమకంటే చిన్న పిల్లలకు చదువులో తోడ్పడాలన్నది దాని షరతు.