ఈస్టరు తేదీని లెక్కించిన చరిత్ర

క్రిస్మసు ఎప్పుడని మన సంఘములో ఎవరును అడుగరు. ఈస్టరు ఎప్పుడని మాత్రము ప్రతి సంవత్సరము అడుగుదురు. 2027లో ఈస్టరు మార్చి 28న వచ్చును. 2038లో ఏప్రిల్ 25న వచ్చును. మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ముప్పది యైదు తేదీలలో ఏ ఆదివారమైనను ఈస్టరు కావచ్చును. భస్మ బుధవారము, మట్టల ఆదివారము, ఆరోహణ దినము, పెంతెకొస్తు, త్రిత్వ ఆదివారము అన్నియు దానిని వెంబడించి కదలును. శతవార్షికోత్సవములు జరుపుకొనుచు రాబోవు సంవత్సరములకు ఏర్పాట్లు ఆలోచించుచున్న ఈ సమయములో, ఈ తేదీని సంఘము ఎట్లు లెక్కింప నేర్చెనో తెలిసికొనుట మంచిది.

ప్రభువు పస్కా దినములలో శ్రమపడి లేచెను. పస్కా చాంద్రమానపు పండుగ. నీసాను నెల పదునాలుగవ దినమున గొఱ్ఱెపిల్లను వధించెడివారు. ఆసియలోని సంఘములు ఏ వారమైనను ఆ పదునాలుగవ దినముననే పండుగ ఆచరించెడివి. రోములో ఆదివారమున ఆచరించెడివారు. సుమారు 155లో స్ముర్న బిషప్పైన పొలుకార్పు వృద్ధాప్యములో రోమునకు వెళ్లి అనికేతు బిషప్పుతో ఈ సంగతి మాటలాడెను. ఇద్దరిలో ఎవరును తమ ఆచారము విడువలేదు. అయినను అనికేతు తన సంఘములో ప్రభురాత్రి భోజన సంస్కారమును ఆ వృద్ధునిచేత జరిపించి సమాధానముతో పంపెను. తరువాత, సుమారు 190లో, విక్టరు బిషప్పు ఆసియ సంఘములను సహవాసమునుండి వెలివేయబూనగా, లియోను పట్టణపు ఐరేనియు ఆ పాత సంగతినే జ్ఞాపకము చేసి మందలించెను. మా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలో అనికేతు చేసిన పనియే మిక్కిలి గొప్పది.

325లో నీకయ మహాసభ, సంఘములన్నియు ఒకే దినమున పండుగ ఆచరింపవలెనని తీర్మానించెను. అప్పుడు కాన్‌స్టంటైను చక్రవర్తి వ్రాసిన లేఖలో యూదులను గూర్చి పలికిన కఠినపు మాటలు మాత్రము మనకు సంతోషము కలిగించవు. ఒకే దినమని చెప్పుట సులభమే, కాని ఆ దినము ఏదో దూరపు సంఘములకు ముందుగా తెలియవలెను గదా! ఖగోళశాస్త్రమునకు పేరుపొందిన అలెగ్జాండ్రియ పట్టణపు బిషప్పు ప్రతి సంవత్సరము లేఖ వ్రాసి శ్రమకాలము, ఈస్టరు ఎప్పుడో తెలిపెడివాడు. 367లో అథనాసియు వ్రాసిన అట్టి లేఖలోనే, మన క్రొత్త నిబంధనలోని ఇరువదియేడు పుస్తకముల జాబితా మొదటిసారిగా సరిగా ఇదే విధముగా కనబడుచున్నది. పండుగ తేదీ తెలుపు ఉత్తరములో ఇంత ధనము దాగియున్నది.

లెక్క యొక్క మూలసూత్రము తెలుగువారికి క్రొత్త గాదు. పన్నెండు చాంద్రమాసములు సౌర సంవత్సరముకంటె పదకొండు దినములు తక్కువ. అందుకే మన పంచాంగములలో అధికమాసము వచ్చును. 19 సంవత్సరములలో 235 చాంద్రమాసములుండును, అనగా ఏడు అధికము. పందొమ్మిదేండ్లకు పౌర్ణమి ఇంచుమించు అదే తేదీకి తిరిగి వచ్చును. 525లో రోములోని దియొనీసియు అను సన్యాసి ఈ చక్రమును అనుసరించి 532 నుండి తొంబదియైదు సంవత్సరములకు ఈస్టరు పట్టిక వ్రాసెను. అంతవరకు పట్టికలలో సంవత్సరములను దియోక్లెతియను ఏలుబడి నుండి లెక్కించెడివారు. సంఘమును హింసించిన వాని పేరు ఉండనేల అని, ఆయన ప్రభువు జననమునుండి లెక్కించెను. మనము వ్రాయు క్రీస్తు శకము ఇట్లు ఈస్టరు పట్టికలో పుట్టినది.

పట్టికలు వేరైనచోట బాధ కలిగెను. ఏడవ శతాబ్దములో ఇంగ్లాండు ఉత్తర భాగమున ఒస్వియు రాజు ఐరిషువారి లెక్కను, ఆయన రాణి రోము లెక్కను అనుసరించినందున, ఒకే నగరిలో రాజు ఈస్టరు విందులో ఉండగా రాణి ఇంకను ఉపవాసములో నుండుట సంభవించెను. 664లో విట్బీ సభ రోము లెక్కను అంగీకరించెను.

పాత జూలియను సంవత్సరము నిజమైన సంవత్సరముకంటె పదకొండు నిమిషములు ఎక్కువ. పదునారవ శతాబ్దమునకు ఆ నిమిషములు పది దినములాయెను. కనుక 1582లో అక్టోబరు 4 గురువారము మరునాడు అక్టోబరు 15 శుక్రవారముగా పోపు గ్రెగొరీ సవరించెను. ఇంగ్లాండు 1752 వరకు ఒప్పుకొనలేదు. ఆ చట్టము ఆసియలోని వారి ప్రాంతములకును చెందినందున చెన్నపట్టణపు కోటలో సయితము సెప్టెంబరు 2 తరువాత 14 వచ్చెను. తూర్పు ఆర్థొడాక్సు సంఘములలో ఎక్కువ భాగము నేటికిని పాత లెక్కతోనే ఈస్టరు ఆచరించుచున్నవి. 2027లో వారికి మే 2న వచ్చును. 2028లో మాత్రము అందరికిని ఏప్రిల్ 16.

ఒక సంగతి గమనింపవలెను. పట్టికలోని చంద్రుడు ఆకాశములోని చంద్రుడు కాడు. 2019లో విషువము మార్చి 20న, ఫాల్గుణ పౌర్ణమి మార్చి 21న వచ్చెను. ఆకాశమును చూచినచో మార్చి 24న ఈస్టరు. పట్టిక ప్రకారము ఏప్రిల్ 21న ఆచరించితిమి. ఇది తప్పని కొందరందురు. మబ్బు పట్టినను, ఏ దేశమందున్నను, ఎన్నేండ్ల ముందైనను అందరికి ఒకే జవాబు వచ్చుటయే పట్టిక యొక్క ప్రయోజనమని మేమందుము.

లెక్క చేయగోరువారికి: సంవత్సరమును 19తో భాగించి శేషమునకు ఒకటి కలుపుడి. 2027కు శేషము 13, కనుక సంఖ్య 14. మన కాలపు పట్టికలో 14కు ఎదురుగా మార్చి 22 ఉండును, అది సోమవారము. దాని తరువాతి ఆదివారము 28 ఈస్టరు. పౌర్ణమి ఆదివారమే అయినచో ఒక వారము జరుపవలెను. 2038లో అట్లే జరిగి ఏప్రిల్ 18కి బదులు 25 వచ్చుచున్నది. ఈస్టరుకు 46 దినములు ముందు భస్మ బుధవారము, అనగా ఆరు ఆదివారములు తీసివేయగా నలువది. పెంతెకొస్తు ఏబదియవ దినమైనను 49 మాత్రమే కలుపవలెను, ఏలయనగా ఈస్టరు దినము మొదటిదిగా లెక్కకు వచ్చును. శుక్రవారము మొదలు ఆదివారమును మూడవ దినమనుటయు ఈ రీతినే.

పెండ్లి ప్రకటనలకును ఇదే లెక్క. మూడు ఆదివారములనగా మూడు వారములు కావు; మొదటి దానికి మూడవ దానికి నడుమ పదునాలుగు దినములే. 2027లో భస్మ బుధవారము ఫిబ్రవరి 10. శ్రమకాలమునకు ముందు పెండ్లి చేయదలచినవారికి మూడవ ప్రకటన ఫిబ్రవరి 7న జరుగవలెను గనుక, మొదటిది జనవరి 24 ఆదివారమును దాటరాదు.