రెండు విజయపురులు

ఊళ్ళు సాధారణంగా ఏటి ఒడ్డునో, గుడి చుట్టూనో, సంత దగ్గరనో కాలక్రమాన పెరుగుతాయి. నాగార్జునసాగర్ కాలనీలు అలా పెరిగినవి కావు, ఒక పని నిమిత్తం పుట్టినవి. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. పనికి వచ్చిన ఇంజనీర్లకు, గుమాస్తాలకు, మేస్త్రీలకు ఆవాసంగా కృష్ణకు ఎడమ ఒడ్డున హిల్ కాలనీ, పైలాన్ కాలనీ, కుడి ఒడ్డున రైట్ బ్యాంక్ కాలనీ వెలిశాయి. వీటికే విజయపురి నార్త్, విజయపురి సౌత్ అని వ్యవహారం.

విజయపురి అన్న పేరు మాత్రం ప్రాచీనం. అది క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడొక పురాతన స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. ఆనకట్ట వస్తే లోయ మునుగుతుంది గనుక 1954 నుండి 1960 వరకు విస్తృతంగా త్రవ్వకాలు జరిపారు. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం, చుట్టూ మెట్ల వరుసలున్న ప్రేక్షాగారం బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను కొండపైకి, మరికొన్నింటిని అనుపుకు తరలించి పునర్నిర్మించారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. పాత విజయపురి జలగర్భంలో కలిసింది. దానిని ముంచిన పనివారి ఊరికి దాని పేరు నిలిచింది.

ప్రాజెక్టు కాలనీలో ఇల్లు మనిషిది కాదు, ఉద్యోగానిది. బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా క్వార్టరు ఖాళీ చేయవలసిందే. ఒకరు నాటిన మామిడి మొక్క కాయలు మరొకరి పిల్లలు కోసుకుంటారు. అందరూ పరవూరివారే గనుక ఇరుగుపొరుగులే బంధువులు. పండుగ పిండివంటలు ఇంటింటికీ చేరుతాయి. అటువంటి ఊరిలో పుట్టి పెరిగినవారిని “మీదే ఊరు?” అని అడిగితే ఒక్క క్షణం తడబడతారు. 2014 జూన్ 2 తరువాత ఆ రెండు ఒడ్డులూ రెండు రాష్ట్రాలలో ఉన్నాయి.

పాత విజయపురిలో దానం చేసిన చాంతిసిరి, బోధిసిరి పేర్లు శాసనాల వల్ల నేటికీ మనకు తెలుసు. సారువల మీద రాళ్ళు మోసి ఇంత పెద్ద రాతి ఆనకట్టను లేపిన కూలీలలో ఒక్కరి పేరైనా చెప్పగలవారు మనలో ఎందరు? ఆ తరంవారు తరిగిపోతున్నారు. కాలనీలలో పెరిగినవారు తమ పెద్దలను అడిగి, విన్నది విన్నట్లు వ్రాసి ఉంచాలి. శాసనమంటే రాతి మీదిదే కానక్కరలేదు.