ఈథర్ డ్రమ్ములు పట్టించిన ముఠా

కోకా ఆకు అప్పట్లో ఎక్కువగా పండింది పెరూ, బొలీవియా కొండల్లో. ఆ ఆకు నుంచి తీసిన ముద్దను అక్కడి నుంచి తెప్పించి, కొకైన్‌గా శుద్ధి చేసి అమెరికాకు పంపే పనిని కొలంబియా ముఠాలు అందిపుచ్చుకున్నాయి. 1970ల్లో మెడెలిన్ నగరంలో పాబ్లో ఎస్కోబార్, ఒచోవా సోదరులు, కార్లోస్ లెదర్ చేతులు కలిపారు. సూట్‌కేసుల్లో కిలోల లెక్కన వెళ్లే సరుకును లెదర్ చిన్న విమానాలకెక్కించాడు. బహమాస్‌లోని నార్మన్స్ కే దీవిని గుప్పిట్లో పెట్టుకుని, అక్కడి నుంచి ఫ్లోరిడాకు చేరవేశాడు. 1982లో ఎస్కోబార్ ఏకంగా పార్లమెంటుకే ప్రత్యామ్నాయ సభ్యుడిగా ఎన్నికయ్యాడు.

అతని ముసుగు తీసింది ఒక పాత వార్త. 1976లో అతను కొకైన్ కేసులో అరెస్టయిన సంగతిని 1983లో 'ఎల్ ఎస్పెక్టదోర్' సంపాదకుడు గిల్యెర్మో కానో మళ్లీ అచ్చువేశాడు. న్యాయశాఖ మంత్రి రొద్రిగో లారా బొనియా అతని డబ్బు మూలాలను సభలోనే నిలదీశాడు.

అసలు దెబ్బ మాత్రం రసాయనం వైపు నుంచి పడింది. ముద్దను శుద్ధి చేయడానికి ఈథర్ కావాలి, అదీ డ్రమ్ముల కొద్దీ. ముఠా మనిషి అమెరికాలో పెద్ద మొత్తంలో ఈథర్ కొనబోతే, అక్కడి మాదకద్రవ్య నిరోధక అధికారులు అడ్డుకోలేదు. డ్రమ్ముల్లో సంకేతాలు పంపే పరికరాలు దాచి, సరుకును పోనిచ్చారు. ఆ సంకేతాలు యారీ నది ఒడ్డున, అడవి నడుమ ఆగాయి. 1984 మార్చిలో కొలంబియా పోలీసులు అక్కడ దిగితే విమానాల రన్‌వేలు, కార్మికుల వసతులు, వరుసగా ప్రయోగశాలలు కనిపించాయి. ట్రాంక్విలాండియా అని దాని పేరు. 13 టన్నులకు పైగా కొకైన్ దొరికింది. తుపాకుల కంటే కొనుగోలు లెక్కలే ముఠాను ముందుగా పట్టించాయని నా నమ్మకం. 1988 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఈథర్, అసిటోన్ వంటి రసాయనాల వ్యాపారంపైనా నిఘా పెట్టమంది.

ముఠా పగ తీర్చుకుంది. 1984 ఏప్రిల్ 30న లారా బొనియాను, 1986 డిసెంబరులో కానోను కాల్చి చంపారు. 1989లో అధ్యక్ష అభ్యర్థి గలాన్‌ను ఎన్నికల సభలోనే హతమార్చారు. అదే ఏడాది బాంబు పెట్టి పేల్చిన ఏవియాంకా విమానంలోని 107 మందీ చనిపోయారు.

అమెరికాకు అప్పగించకూడదన్న షరతు నెగ్గించుకుని 1991లో లొంగిపోయిన ఎస్కోబార్, మరుసటి ఏడాదే జైలు నుంచి తప్పించుకున్నాడు. 1993 డిసెంబర్ 2న మెడెలిన్‌లో పోలీసు తూటాలకు పడిపోయాడు. వ్యాపారం 'కాలీ' నగర ముఠా చేతికి మారింది.

ఎస్కోబార్ కథను సినిమాల్లో చూసే మన పిల్లలకు లారా బొనియా, కానోల పేర్లు కూడా చెప్పండి.