భయానక రస చిత్రాలలో నేపథ్య సంగీతం

భయానక రస చిత్రాలలో నేపథ్య సంగీతం అనగా భయాన్ని, అశుభ సూచనను, మానసిక వేదనను ప్రధానంగా చూపే చలనచిత్రాలలో దృశ్యం వెనుక వినిపించే సంగీతం. తక్కువ ఖర్చుతో నిర్మించబడే స్వతంత్ర చిత్రాలలో దీనికి ప్రాముఖ్యం ఎక్కువ. పెద్ద సెట్టింగులు, మాయా దృశ్యాలు లేనిచోట ఆ లోటును శబ్దమే తీర్చవలసి ఉంటుంది. తెలుగులో సినిమా సంగీతం అనగానే పాటలే గుర్తుకు వస్తాయి. అందువలన ఈ సంగీతం గురించిన చర్చ తక్కువగా జరిగింది.

రస సిద్ధాంతం

భరతుని నాట్యశాస్త్రంలో చెప్పబడిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దీనికి స్థాయీభావం భయం. వికృతమైన ధ్వనులు, అరణ్యం, శూన్యగృహం మొదలైనవి ఈ రసాన్ని పుట్టించే విభావాలుగా ఆ గ్రంథం పేర్కొన్నది. కంటికి కనిపించే వాటితో పాటు చెవికి వినిపించేది కూడా భయానికి కారణమని దీనివలన తెలుస్తున్నది.

పల్నాటి వీరగాథలు

తెలుగునాట కథకు తోడుగా శబ్దాన్ని వాడుకోవడం సినిమాకు ఎంతో పూర్వమే ఉన్నది. ప్రస్తుత పల్నాడు జిల్లాలోని కారెంపూడి వద్ద 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగింది. ఈ కథను వీరవిద్యావంతులు తోలు వాద్యాల మోతతో గానం చేస్తారు. నాగులేరు ఒడ్డున కార్తీక అమావాస్య నుండి ఐదు రోజులు జరిగే వీరుల ఉత్సవం ఇప్పటికీ ఈ సంప్రదాయాన్ని నిలుపుతున్నది. తెర మీద బొమ్మ లేకుండానే యుద్ధభూమిని, వీరుల మరణాన్ని వినేవారి కళ్ళకు కట్టించడం ఈ గానం ప్రత్యేకత. ఇదే కథ ఆధారంగా 1947లోను, 1966లోను పల్నాటి యుద్ధం పేరుతో రెండు చిత్రాలు వచ్చాయి. మొదటిదానికి గాలిపెంచల నరసింహారావు, రెండవదానికి సాలూరి రాజేశ్వరరావు సంగీతం కూర్చారు. ఇవి వీర, కరుణ రస ప్రధానమైన చిత్రాలు.

భయం కలిగించే పద్ధతులు

* శ్రుతి: తంబురా శ్రుతిలో షడ్జ పంచమాలు పొందికగా కలిసి మనస్సుకు నిలకడనిస్తాయి. వాటికి బదులు షడ్జాన్ని, దానికి ఆనుకొని ఉన్న శుద్ధ రిషభాన్ని కలిపి ఎడతెగకుండా మోగిస్తే వినేవారికి అస్థిమితం కలుగుతుంది.
* లయ: స్వల్ప వ్యయంతో నిర్మించిన అమెరికా స్వతంత్ర చిత్రం హాలోవీన్ (1978)కు దర్శకుడు జాన్ కార్పెంటర్ స్వయంగా సంగీతం కూర్చాడు. దాని ముఖ్య బాణీ ఐదు లెక్కల లయలో నడుస్తుంది. నాలుగు లెక్కలకు అలవాటుపడిన శ్రోతకు ఇది తొట్రుపాటుగా తోస్తుంది. ఖండచాపు తాళం ఎరిగిన తెలుగు శ్రోత దీనిని సులభంగా గుర్తించగలడు.
* వాద్యాల ఎంపిక: సైకో (1960)కు బెర్నార్డ్ హెర్మన్ తంత్రీ వాద్యాలను మాత్రమే వాడాడు. స్నానాల గది హత్య దృశ్యానికి సంగీతం వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట భావించినా, హెర్మన్ సంగీతం విన్న తరువాత మనసు మార్చుకున్నాడు.
* నిశ్శబ్దం: సాగుతున్న సంగీతం హఠాత్తుగా ఆగిపోతే ఏదో జరగబోతున్నదనే భావం కలుగుతుంది.

తెలుగు సమాంతర చిత్రాలు

తెలుగులో విషాదాన్ని, భయాన్ని రాజీ లేకుండా చూపినవి ముఖ్యంగా సమాంతర చిత్రాలు.

* ఒక ఊరి కథ (1977): ప్రేమ్‌చంద్ కథ కఫన్ ఆధారంగా మృణాల్ సేన్ దర్శకత్వం వహించాడు. సంగీతం ప్రసిద్ధ వేణు విద్వాంసుడు విజయ రాఘవరావు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.
* అనుగ్రహం (1978): శ్యామ్ బెనెగల్ దర్శకుడు. హిందీలో కొండూరా పేరుతో నిర్మించబడింది. బ్రహ్మచర్యం పాటించాలన్న షరతుతో ఒక సాధువు నుండి వరం పొందిన వ్యక్తి కథ ఇది. సంగీత దర్శకుడు వనరాజ్ భాటియా (1927-2021) లండన్, పారిస్ నగరాలలో పాశ్చాత్య సంగీతం అభ్యసించాడు. తెలంగాణ నేపథ్యం గల హిందీ చిత్రాలు అంకుర్ (1974), నిశాంత్ (1975)లకు కూడా ఆయనే సంగీతం కూర్చాడు.
* దాసి (1988): బి.నర్సింగరావు దర్శకుడు. తెలంగాణ గడీలో దాసిగా బ్రతికే స్త్రీ కథ. సంభాషణలు బహు తక్కువ. అందువలన ప్రేక్షకుడు ప్రతి చిన్న చప్పుడునూ గమనిస్తాడు. ఈ చిత్రానికి ఐదు జాతీయ పురస్కారాలు లభించాయి.

వ్యాపార చిత్రాలలో రాంగోపాల్ వర్మ తీసిన రాత్రి (1992) చెప్పుకోదగినది. దీనికి నేపథ్య సంగీతం మణిశర్మ అందించాడు. ఇటీవలి వాటిలో మసూద (2022)కు ప్రశాంత్ ఆర్.విహారి సంగీతం సమకూర్చాడు.

వినే విధానం

ఒకే దృశ్యాన్ని మూడుమార్లు చూడడం మంచి అభ్యాసం. మొదటిసారి మామూలుగాను, రెండవసారి ధ్వని ఆపివేసి, మూడవసారి కళ్ళు మూసుకొని వినాలి. సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, వినిపించే శబ్దం పాత్రలకు కూడా వినిపించేదా, ముందు వచ్చిన బాణీ మళ్ళీ వచ్చిందా అనే విషయాలను గమనించాలి. ధ్వని లేనప్పుడు కూడా దృశ్యం అంతే భయం కలిగిస్తే ఆ సంగీతం అక్కడ అనవసరమని చెప్పవచ్చును.

పరిరక్షణ

సినిమా పాటలు గ్రామఫోను రికార్డులుగా, క్యాసెట్లుగా విడిగా విడుదలై ఇంటింటా నిలిచాయి. నేపథ్య సంగీతం విడిగా విడుదల కావడం అరుదు. మాటలతోను, ఇతర శబ్దాలతోను కలిసిపోయిన సౌండ్ ట్రాకులో మాత్రమే అది మిగిలి ఉంటుంది. చిత్రం ప్రతి పాడైతే పాట రికార్డు మీద బ్రతకవచ్చును గాని నేపథ్య సంగీతానికి ఆ అవకాశం ఉండదు. తక్కువ ప్రతులతో విడుదలయ్యే సమాంతర చిత్రాలకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పుణెలో 1964లో స్థాపించబడిన భారత జాతీయ చలనచిత్ర భాండాగారం (2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో విలీనమైనది) సినిమాల ప్రతులను భద్రపరచింది. 2009 సంవత్సరపు చిత్రాలకు ఇచ్చిన జాతీయ పురస్కారాలలో పాటలకు, నేపథ్య సంగీతానికి వేర్వేరు బహుమతులు ప్రకటించారు. ఆ ఏడాది నేపథ్య సంగీత పురస్కారం మలయాళ చిత్రం పళస్సిరాజాకు గాను ఇళయరాజాకు లభించింది.