బ్లేజ్ హామ్లెట్

బ్లేజ్ హామ్లెట్ ఇంగ్లండులో బ్రిస్టల్ నగరపు వాయవ్య భాగాన, హెన్‌బరీలో ఉన్న చిన్న పల్లె. పచ్చిక చుట్టూ తొమ్మిది ఇళ్లు, వాటి నడుమ ఒక నీళ్ల పంపు. ఊరంటే ఇంతే. అయినా ఆంగ్లేయుల గృహనిర్మాణ చరిత్రలో దీనికి పెద్ద స్థానమే ఉంది.

నేపథ్యం

బ్రిస్టల్‌కు చెందిన బ్యాంకరు, క్వేకరు అనే క్రైస్తవ శాఖకు చెందిన జాన్ స్కాండ్రెట్ హార్ఫర్డ్ 1789లో బ్లేజ్ ఎస్టేటును కొన్నాడు. తన కొలువులో పనిచేసి వయసు మళ్లినవారికి నీడ కల్పించాలనుకుని, ఇళ్ల రూపకల్పనను వాస్తుశిల్పి జాన్ నాష్‌కు అప్పగించాడు. లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్‌కు తరువాత రూపమిచ్చింది ఈ నాషే. పల్లె ఇళ్ల రూపకల్పనలో ఆయన సహాయకుడు జార్జ్ రెప్టన్ తోడ్పడ్డాడు.

నిర్మాణం

ప్రకృతిలోని ఎగుడుదిగుడులే కంటికి ఇంపని వాదించే ‘పిక్చరెస్క్’ ధోరణికి అప్పట్లో ఆదరణ ఎక్కువ. 1810–11లో కట్టిన ఈ పల్లె ఆ భావానికి అచ్చమైన ఉదాహరణ. ఇళ్లు బారులు తీరి ఉండవు. ఏ రెండూ ఒకేలా ఉండవు. కొన్నింటికి గడ్డి కప్పు, కొన్నింటికి రాతి పలకల కప్పు. పైకి లేచిన ఇటుక పొగగొట్టాలు ఒక్కోటి ఒక్కో తీరు. వసారాలు, వెనుక చేర్చిన చిన్న గదులు ఇంటి పనులకు పనికొస్తూనే ఇళ్ల రూపానికి వంపులు తెచ్చాయి. వైన్, రోజ్, ఓక్, డయల్, స్వీట్‌బ్రయర్ వంటివి ఇళ్ల పేర్లు. నీడ గడియారం అమర్చిన పంపు స్తంభాన్ని 1812లో నిలిపారు. యజమాని భవనంపై చూపించినంత శ్రద్ధను ముసలి పనివారి ఇంటిపై చూపడమే ఈ పల్లెలోని గొప్పతనం.

తరువాతి చరిత్ర

నాష్ 1820లలో లండన్ రీజెంట్స్ పార్కు పక్కన పార్క్ విలేజ్ ఇళ్లను రూపొందించినప్పుడు ఈ పిక్చరెస్క్ పల్లె ఆలోచననే నగరానికి తగినట్టు మలిచాడు. పంతొమ్మిదో శతాబ్దంలో వెలసిన ఎస్టేటు పల్లెలకూ, ఆ తరువాతి తోట నగరాలకూ బ్లేజ్ హామ్లెట్‌ను తొలి నమూనాల్లో ఒకటిగా చరిత్రకారులు పేర్కొంటారు.

బ్రిస్టల్ నగరపాలక సంస్థ 1926లో బ్లేజ్ ఎస్టేటును కొన్నది. పల్లె మాత్రం 1943లో నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. ఈ ఇళ్లకు రక్షిత కట్టడాల్లో అత్యున్నతమైన ‘గ్రేడ్ 1’ హోదా ఉంది. నగరం చుట్టూ పెరిగినా పల్లె రూపం చెదరలేదు. ఇళ్లలో ఇప్పటికీ అద్దెకున్నవారు కాపురముంటున్నారు కనుక సందర్శకులు పచ్చికలో తిరుగుతూ బయటినుంచే వాటిని చూడాలి.