చుక్కల మందు కోసం మంచం దిగినవాళ్ళు

2021 మే 21, శుక్రవారం. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నం. ఊళ్ళోకి వెళ్ళే దారి కార్లతో, ఆటోలతో, మనుషులతో కిక్కిరిసింది. మధ్యలో ఎటూ కదల్లేని అంబులెన్సులు. స్ట్రెచర్ల మీద ఆక్సిజన్ పెట్టించుకున్న రోగులు, పక్కన సిలిండర్ పట్టుకుని కొడుకో అల్లుడో. కోవిడ్ రెండో అలలో బెడ్ దొరకడమే గగనమైన రోజులవి. దొరికిన బెడ్‌ను వదులుకుని వచ్చినవాళ్ళూ ఆ జనంలో ఉన్నారు.

వాళ్ళంతా వచ్చింది ఆ ఊరి నాటువైద్యుడు బొనిగి ఆనందయ్య ఇచ్చే కోవిడ్ మందు కోసం. తినే మందుల్లో రకాలుండేవి. ఊపిరాడని వాళ్ళకు మాత్రం తేనె, ముళ్ళ వంకాయ కలిపిన కంటి చుక్కలు. డబ్బు తీసుకునేవాడు కాదు. లక్షల్లో బిల్లు చూసి వచ్చినవాళ్ళకు ఆ ఒక్క మాటే కొండంత ధైర్యం.

మా కూచిపూడి నుంచి అక్కడికి సుమారు 300 కిలోమీటర్లు. అయినా ఆ వారం మొవ్వ వైపు నలుగురు కలిస్తే ఇదే మాట: బండి మాట్లాడదామా? మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ అని తెలిసీ.

ఆసుపత్రి కౌంటర్ల దగ్గర నడిచిన సంభాషణ ఇంచుమించు ఇలా ఉండేది.

“ఆక్సిజన్ తీస్తే దారిలోనే ప్రమాదం అమ్మా.”

“ఇక్కడుంటే బతుకుతాడని రాసిస్తారా సార్?”

డాక్టరు దగ్గర జవాబు లేదు. కాగితం ముందుకు జరుగుతుంది. ‘మా ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నాం’ అని రాసి సంతకం. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్ళిపోవడానికి ఆసుపత్రిలో పేరు లామా. ‘లామా పెట్టేశారు’ అంటుంది నర్సు, తర్వాతి రోగి పేరు పిలుస్తూ.

అలా సంతకం పెట్టిన ఇల్లాలిది మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. సరిగ్గా 11 రోజుల ముందు, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా ఆగి 11 మంది పోయారు. ట్యాంకర్ ఆలస్యమైంది. పెద్దాసుపత్రిలో, బెడ్ మీద ఉన్నవాళ్ళే. టీవీలో అది చూసిన మనిషికి వార్డు భద్రమైన చోటని ఏ ముఖంతో చెప్పగలం? పైగా లోపలికి తీసుకెళ్ళిన మనిషి ఎలా ఉన్నాడో బయట మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు చెప్పే దిక్కుండేది కాదు. మంచం దిగడానికి సగం కారణం ఆ మౌనమే.

మిగతా సగం ఒక వీడియో. శ్వాస అందని స్థితిలో ఉన్న ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడికి కళ్ళలో చుక్కలు వేశారు. కాసేపటికి ఆయన తేరుకుని, బాగుందని కెమెరా ముందు స్వయంగా చెప్పారు. బడిపంతులు మాట! రాష్ట్రమంతా ఫోన్లలో తిరిగింది. ఆ తర్వాత ఆయనకు మళ్ళీ ఆయాసం వచ్చింది. నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు. ఈ సంగతి మొదటి వీడియో వెళ్ళిన ప్రతి ఇంటికీ చేరలేదు.

21న పంపిణీ మళ్ళీ మొదలై, ఆ రోజే ఆగిపోయింది. జనాన్ని అదుపు చేయడం పోలీసుల వల్ల కాలేదు. మందు అందనివాళ్ళు వెనక్కి తిరిగారు. సంతకం పెట్టి ఖాళీ చేసిన బెడ్ ఎవరికోసం ఆగుతుంది? ఆ కాగితం డాక్టరుకు రక్షణ. రోగి తిరిగొస్తే ఏ తలుపు తట్టాలో అందులో ఒక్క ముక్క ఉండదు. ఉండాలి. వెళ్ళిపోతున్న మనిషికి మందుల చీటీ, ఒక ఫోన్ నంబరు, ‘ఏ రాత్రయినా రండి’ అన్న మాట ఇచ్చి పంపడం వైద్యంలో భాగమే అంటాను.

మందును పరిశీలించే పనిని కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి చేపట్టింది. ఆ నివేదిక వచ్చాక తినే మందుల్లో పి, ఎల్, ఎఫ్ అనే రకాలకు మే 31న రాష్ట్ర ప్రభుత్వం అనుమతిచ్చింది. కంటి చుక్కలకు ఇవ్వలేదు. డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దని, రోగులు రావొద్దని, వాళ్ళ తరఫున బంధువులు వచ్చి తీసుకెళ్ళాలని సూచించింది. ఆ ప్రధానోపాధ్యాయుడు అదే రోజు నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారు.